ఎలుక కన్నానికి డాలు జరిమానా – ప్రాచీన చైనా చట్టవాదంపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో కౌటిల్యుని దండనీతి గురించి రాస్తూ, చైనాలో కూడా క్రీస్తుపూర్వం నాలుగు, మూడు శతాబ్దాలలో చట్టాన్నే రాజ్యానికి వెన్నెముకగా భావించిన ఆలోచనాపరులు (చట్టవాదులు) ఉండేవారని ఒక వాక్యంలో ప్రస్తావించాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని హైదరాబాదు పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. వాటిలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవాటిని ఈసారి తీసుకున్నాను. ముందుగా ఒక మనవి. ‘హాన్’ అనే పేరు ఈ సమాధానాలలో రెండు అర్థాలలో వస్తుంది. హాన్ ఫెయ్ పుట్టిన చిన్న రాజ్యం ఒకటి, ఆ తర్వాత దాదాపు నాలుగు వందల ఏళ్లు చైనాను ఏలిన వంశం మరొకటి. చైనా లిపిలో అవి రెండూ వేర్వేరు అక్షరాలు కనుక, దయచేసి కలిపి చదవవద్దు.

ప్రశ్న: నేను చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకుంటూ పోటీ పరీక్షలకు తయారవుతున్నాను. మా నోట్సులో “మనిషి స్వభావం మంచిదన్నవాడు మెన్షియస్, చెడ్డదన్నవాడు షున్‌జి, చెడ్డది కాబట్టి కఠిన శిక్షలు ఉండాలన్నవారు చట్టవాదులు” అని మూడు ముక్కల్లో ఉంది. పరీక్షలో ఇలాగే రాయవచ్చునా?
– ఒక అభ్యర్థి, చిక్కడపల్లి

జవాబు: మొదటి రెండు ముక్కలు చాలావరకు సరైనవే. మూడో ముక్క మాత్రం పొరపాటు. ఆ పొరపాటుతో చట్టవాదుల అసలు వాదమే చేజారిపోతుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

మెన్షియస్ (క్రీ.పూ. 372–289 ప్రాంతం) ఇచ్చిన ఉదాహరణ ఇది. ఒక పసివాడు పాకుతూ వెళ్లి బావిలో పడబోతున్నాడు. అది చూసిన మనిషి ఎవరైనా సరే, గుండె గుభేలుమంటుంది. ఆ క్షణంలో వాడు ఆ బిడ్డ తల్లిదండ్రుల మెప్పు గురించి గాని, ఊళ్లో వచ్చే పేరు గురించి గాని ఆలోచించడు. ఆ గుభేలుమనడమే కారుణ్యానికి మొలక అంటాడు మెన్షియస్. ఆయన వాడిన మాట ‘మొలక’ అని గుర్తుంచుకోండి. నీరు పోయకపోయినా, పశువులు మేసినా మొలక మిగలదు. ఒకప్పుడు చెట్లతో కళకళలాడిన ‘ఎద్దు కొండ’ గొడ్డళ్ల పాలై బోడిగుట్ట అయితే, దాన్ని చూసినవాడు అక్కడ చెట్లు ఎప్పుడూ లేవనుకుంటాడనీ, చెడిపోయిన మనిషిని చూసి మనం చేసే పొరపాటు కూడా అదేననీ ఆయన చెప్పాడు.

తర్వాతి తరానికి చెందిన షున్‌జి దీన్ని సూటిగా ఖండించాడు. మనిషి స్వభావం చెడ్డదనీ, మంచి అనేది మనిషి పూనికతో సంపాదించుకున్నదనీ ఆయన వాదం. వంకర కర్రను ఆవిరి పట్టి, చట్రంలో బిగిస్తే గాని అది తిన్నన కాదు. మొద్దుబారిన కత్తిని సాన పడితే గాని అది తెగదు. అయితే షున్‌జి దృష్టిలో ఆ ఆవిరీ, ఆ సానా శిక్షలు కావు. గురువు, చదువు, సంగీతం, పెద్దల నుంచి వచ్చిన మర్యాదలు – ఇవే మనిషిని తీర్చిదిద్దుతాయి. వీధిలో పోయే సామాన్యుడు కూడా ప్రయత్నిస్తే పురాణపురుషుడైన యూ చక్రవర్తి అంతటివాడు కాగలడని నమ్మిన మనిషి ఆయన. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మనవాళ్లు అంటారు. ఓపికగా ఆవిరి పడితే మాను కూడా వంగుతుందని షున్‌జి అంటాడు. కనుక ‘చెడ్డది’ అన్నంత మాత్రాన ఆయన చట్టవాది కాలేదు, కన్ఫ్యూషియస్ పరంపరలోనే నిలిచాడు.

ఆయన దగ్గర చదువుకున్న ఇద్దరు శిష్యులు మాత్రం వేరే దారి పట్టారు. వారిలో హాన్ ఫెయ్ (క్రీ.పూ. 280–233 ప్రాంతం) చట్టవాదాన్ని అంతటినీ ఒక చోటికి చేర్చిన రచయిత కాగా, లి సి ఆ వాదాన్ని సామ్రాజ్య స్థాయిలో అమలు చేసిన మంత్రి. హాన్ ఫెయ్ పేరిట ఉన్న గ్రంథంలో 55 అధ్యాయాలున్నాయి. గురువుగారి ‘స్వభావం చెడ్డది’ అనే సిద్ధాంతాన్ని ఆయన ఎక్కడా తన వాదానికి పునాదిగా నిలబెట్టలేదు. ఆయన చెప్పేది ఇంకా సాదాగా ఉంటుంది. బండ్లు చేసే వడ్రంగి జనమంతా ధనవంతులు కావాలని కోరుకుంటాడు, శవపేటికలు చేసే వడ్రంగి జనం త్వరగా పోవాలని కోరుకుంటాడు. మొదటివాడు దయాళువనీ రెండోవాడు దుర్మార్గుడనీ అనుకోవడానికి లేదు. జనానికి డబ్బు లేకపోతే బండి అమ్ముడుపోదు, జనం చావకపోతే పేటిక అమ్ముడుపోదు. మనుషులు లాభం వైపు వెళతారు, నష్టం నుంచి తప్పుకుంటారు; ఈ లెక్కకు మంచి, చెడు అని పేరు పెట్టవలసిన అవసరం పాలకుడికి లేదు.

మరో చోట ఆయన బాణాల సంగతి చెబుతాడు. పుట్టుకతోనే తిన్నగా పెరిగిన కర్ర కోసం కూర్చుంటే నూరు తరాలకు కూడా ఒక బాణం తయారు కాదు. పుట్టుకతోనే గుండ్రంగా పెరిగిన కర్ర కోసం చూస్తే వెయ్యి తరాలకు కూడా ఒక బండిచక్రం తయారు కాదు. అయినా లోకంలో అందరూ బండ్లెక్కుతున్నారు, వేటాడుతున్నారు. కారణం కర్రను సరిచేసే పనిముట్టు ఉండడమే. తిన్నని కర్ర అసలే లేదని ఆయన అనలేదు. అటువంటిది అక్కడక్కడా దొరుకుతుందనీ, అయితే దాన్ని నమ్ముకుని పని మొదలుపెట్టే పనివాడు ఉండడనీ అన్నాడు. మీరు పరీక్షలో రాయవలసిన మూడో ముక్క ఇది: మనిషి మంచితనం మీద రాజ్యానికి పునాది వేయకూడదన్నవారు చట్టవాదులు.

ప్రశ్న: ఈ చట్టవాదులందరూ ఒకే గురుపరంపర వారా? చట్టం మీద నమ్మకం కలిగించడానికి ఒక మంత్రి దుంగ మోయించాడని ఎప్పుడో చదివాను. ఆ కథ నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, తార్నాక

జవాబు: ఒకే పరంపర కాదండీ. బతికి ఉండగా వారిలో ఎవరూ తమను చట్టవాదులమని చెప్పుకోలేదు. వారిని ఒక గుంపుగా చేసి ‘ఫా జియా’ అని పేరు పెట్టినవాడు హాన్ వంశ ఆస్థానంలో ఉన్న సిమా తాన్, ఆయన క్రీ.పూ. 110లో మరణించాడు. ‘ఫా’ అంటే చట్టం అని మనం రాసుకుంటున్నాం గాని, ఆ మాటకు కొలబద్ద, నమూనా, పద్ధతి అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఆ అర్థాలను మరిచిపోతే వీరు జైళ్ల గురించి మాత్రమే మాట్లాడినట్టు కనిపిస్తుంది. నిజానికి వీరిలో షెన్ బుహాయ్ అధికారుల పనిని వారి పదవి పేరుతో సరిపోల్చి తూచే తంత్రం గురించి ఎక్కువగా ఆలోచించాడు. షెన్ దావ్ అనే మరొకాయన, రాజు మాట చెల్లేది అతని గుణం వల్ల కాదనీ, కూర్చున్న చోటి బలం వల్లననీ వివరించాడు. చట్టాన్ని నేల మీదికి తెచ్చినవాడు షాంగ్ యాంగ్. ఈ మూడు పాయలనూ కలిపినవాడు హాన్ ఫెయ్.

మీరడిగిన కథ షాంగ్ యాంగ్‌దే. సిమా తాన్ కుమారుడైన చరిత్రకారుడు సిమా ఛియన్ దాన్ని నమోదు చేశాడు. క్రీ.పూ. 356 ప్రాంతంలో పడమటి ఛిన్ రాజ్యంలో షియావ్ ప్రభువు దగ్గర చేరిన షాంగ్ యాంగ్ కొత్త చట్టాలు సిద్ధం చేసుకున్నాడు. అయితే జనం నమ్మరని అనుమానించి, వాటిని ప్రకటించకుండా ఆపాడు. రాజధాని సంతకు దక్షిణ ద్వారం దగ్గర మూడు ‘జాంగ్’ల దుంగ ఒకటి, అంటే మన లెక్కలో దాదాపు 7 మీటర్లది, పాతించాడు. దాన్ని ఉత్తర ద్వారం దాకా మోసినవారికి పది బంగారు ముక్కలు ఇస్తామని చాటింపు వేయించాడు. జనం వింతగా చూశారే గాని ఒక్కరూ కదలలేదు. ఇంత చిన్న పనికి ప్రభుత్వం అంత ఇస్తుందంటే ఏదో మెలిక ఉంటుందని అనుకోవడం ఏ కాలంలోనైనా సహజం. బహుమానాన్ని యాభైకి పెంచాడు. చివరికి ఒకడు ముందుకొచ్చి దుంగను మోశాడు, యాభై ముక్కలూ అక్కడికక్కడే అతని చేతిలో పడ్డాయి. ఆ తర్వాతనే చట్టాలు ప్రకటించారు. కథగా ఇది కొంత నునుపెక్కి ఉండవచ్చు. కానీ శిక్ష కంటే ముందు బహుమానంతో, భయం కంటే ముందు మాట నిలుపుకోవడంతో చట్టవాదం మొదలైందని ఈ కథ చెబుతోంది కాబట్టి దీన్ని నేను విలువైనదిగా భావిస్తాను.

ఆ చట్టాల సారాంశం తెలిసిందే. ఇళ్లను అయిదు, పది చొప్పున జట్లుగా కట్టి ఒకరి నేరానికి అందరినీ బాధ్యులను చేయడం, పుట్టుకతో వచ్చిన హోదాలకు బదులు యుద్ధంలో తెచ్చిన శత్రువుల తలల లెక్కన హోదాలు ఇవ్వడం, సేద్యాన్నీ యుద్ధాన్నీ తప్ప తక్కిన వృత్తులను చిన్నచూపు చూడడం. మొదటి దానినీ మూడో దానినీ సమర్థించడం నాకు సాధ్యం కాదు. రెండోది మాత్రం, అది ఎంత భయంకరమైన కొలత అయినా, పేదరైతు కొడుకుకు తొలిసారిగా పైకి వెళ్లే మెట్టు ఒకటి చూపించింది.

ప్రశ్న: మా కూడలిలో కెమెరా స్తంభానికి వంద గజాల దూరం వరకు హెల్మెట్ బండి అద్దానికి వేలాడుతుంది, అక్కడికి రాగానే తలకెక్కుతుంది, దాటగానే మళ్లీ అద్దం మీదికి వస్తుంది. రోజూ చూస్తున్నాను. ఇది కన్ఫ్యూషియస్ చెప్పినదానికి రుజువా, హాన్ ఫెయ్ చెప్పినదానికి రుజువా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: చాలా మంచి ప్రశ్న. రెండింటికీ రుజువే అని తప్పించుకోకుండా సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) సరిగ్గా ఈ విషయం గురించే మాట్లాడాడు. జనాన్ని ఆజ్ఞలతో నడిపి, శిక్షలతో అదుపు చేస్తే వారు శిక్షను తప్పించుకుంటారు గాని సిగ్గుపడరు. సద్గుణంతో నడిపి, మర్యాదతో తీర్చిదిద్దితే వారికి సిగ్గు తెలుస్తుంది, తమంతట తామే సరిదిద్దుకుంటారు. మీ కూడలిలో హెల్మెట్ అద్దానికీ తలకీ మధ్య చేసే ప్రయాణం ఆ మొదటి సగానికి అచ్చమైన దృశ్యం. చలానా తప్పింది, లోపల ఏమీ మారలేదు.

ఇదే దృశ్యాన్ని హాన్ ఫెయ్ చూస్తే వేరే ప్రశ్న అడుగుతాడు: కెమెరా లేని చోట ఎంతమంది తలకు పెట్టుకున్నారు? ఆయన ఒక చెడిపోయిన కొడుకు సంగతి రాశాడు. తల్లిదండ్రులు కోప్పడితే వాడు మారలేదు, ఇరుగుపొరుగు వారు మందలిస్తే కదలలేదు, గురువులు బోధిస్తే వినలేదు. అధికారి సైనికులను వెంటబెట్టుకుని చట్టం పేరిట వీధిలోకి రాగానే భయపడి నడత మార్చుకున్నాడు. ప్రేమ, మందలింపు, చదువు మూడూ కలిసి సాధించలేనిది చట్టం సాధించిందని ఆయన ముగింపు. మన వీధిలోనూ ఇటువంటి కొడుకులు లేరని అనలేం.

హాన్ ఫెయ్ చెప్పినదాంట్లో ఇంకో ఉదాహరణ నాకు ఇంతకంటే ఎక్కువ ఉపయోగకరంగా కనిపిస్తుంది. నేల మీద కొద్ది మూరల గుడ్డ పడి ఉంటే మామూలు మనిషి కూడా వదలడు. అదే చోట కరిగి మండుతున్న బంగారం రాశి ఉంటే పేరుమోసిన దొంగ కూడా చేయి పెట్టడు. గుడ్డ తీసుకున్నవాడికి హాని జరుగుతుందో లేదో తెలియదు, బంగారం ముట్టుకున్నవాడి చేయి కాలడం ఖాయం. అంటే మనిషిని ఆపేది శిక్ష ఎంత పెద్దదన్న దాని కంటే, శిక్ష పడి తీరుతుందన్న నమ్మకం. మీ కూడలిలో కెమెరా ఉన్న వంద గజాలు కరిగిన బంగారం, మిగిలిన దారంతా గుడ్డముక్క.

అయితే షాంగ్ యాంగ్ పేరిట ఉన్న గ్రంథం ఇక్కడ ఆగలేదు. చిన్న తప్పుకే పెద్ద శిక్ష వేస్తే పెద్ద తప్పు చేయడానికి ఎవరూ సాహసించరనీ, ఆ విధంగా శిక్షతో శిక్షనే లేకుండా చేయవచ్చనీ ఆ గ్రంథం వాదిస్తుంది. హాన్ ఫెయ్ కూడా దాన్ని సమర్థించాడు. ఇక్కడే నేను వారితో విభేదిస్తాను. ఖాయంగా పడే చిన్న శిక్షకు, కఠినమైన పెద్ద శిక్షకు తేడా ఉంది. మొదటిది మనిషి వేసుకునే లెక్కను గౌరవిస్తుంది. రెండోది ఆ లెక్కనే చెడగొడుతుంది, ఎందుకంటే చిన్న తప్పుకూ పెద్ద తప్పుకూ ఒకటే మూల్యమైతే పెద్ద తప్పు దగ్గర ఆగవలసిన కారణం ఉండదు. మీ ప్రశ్నకు నా జవాబు ఇది: హెల్మెట్ తలమీదికి ఎక్కడానికి హాన్ ఫెయ్ కావాలి, కెమెరా దాటిన తర్వాత కూడా అక్కడే ఉండడానికి కన్ఫ్యూషియస్ కావాలి. ఈ రెండో పని ఏ స్తంభమూ చేయలేదు.

ప్రశ్న: తండ్రి దొంగతనం చేస్తే కొడుకు ఫిర్యాదు చేయాలా? చట్టవాదులు తప్పకుండా చేయాలనే అంటారు కదా?
– గృహిణి, మలక్‌పేట

జవాబు: మీరు అడిగిన ప్రశ్నే చైనాలో రెండున్నర వేల ఏళ్లుగా నడుస్తోంది. తండ్రి గొర్రెను దొంగిలిస్తే కొడుకు సాక్ష్యం చెప్పాడనీ, తమ ఊళ్లో నిజాయితీ అంటే అలా ఉంటుందనీ ఒక ప్రభువు కన్ఫ్యూషియస్ దగ్గర గర్వంగా చెప్పాడు. మా ఊళ్లో నిజాయితీ వేరు, తండ్రి కొడుకును దాస్తాడు, కొడుకు తండ్రిని దాస్తాడు, నిజాయితీ అందులోనే ఉంది అని కన్ఫ్యూషియస్ జవాబిచ్చాడు. హాన్ ఫెయ్ ఇదే కథను మరో విధంగా చెప్పాడు. కొడుకు ఫిర్యాదు చేశాడు. రాజుకు విధేయుడైనా తండ్రికి ద్రోహి అని మంత్రి ఆ కొడుకునే చంపించాడు. దీన్ని బట్టి రాజుకు పనికివచ్చే కొడుకు తండ్రికి పనికిరాడనీ, తండ్రికి పనికివచ్చే కొడుకు రాజుకు పనికిరాడనీ, ఈ రెండింటినీ ఒకేసారి పొగిడే రాజ్యం అయోమయంలో పడుతుందనీ ఆయన తేల్చాడు.

పుస్తకాలలోని ఈ వాదనను పక్కన పెట్టి, ఛిన్ రాజ్యపు అసలు చట్టాన్ని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1975 డిసెంబరులో హుబెయ్ రాష్ట్రంలోని యున్‌మెంగ్ దగ్గర షుయ్‌హుది అనే చోట ఒక ఛిన్ కాలపు చిన్న అధికారి సమాధి బయటపడింది. అందులో వెదురు బద్దలపై సిరాతో రాసిన చట్టాలు దొరికాయి. బద్దలు 1,100 పైచిలుకు. వాటిలో ‘కొడుకు తల్లిదండ్రుల మీద చేసిన ఫిర్యాదు, బానిస యజమాని మీద చేసిన ఫిర్యాదు స్వీకరించవద్దు’ అని స్పష్టంగా ఉంది. గ్రంథాలలో ఎంత కఠినంగా మాట్లాడినా, చట్టవాదులు నడిపిన రాజ్యమే ఇంటి గడప దగ్గర ఆగింది. అయితే దీన్ని దయగా మాత్రమే చదవకూడదు. ఇదే నియమం తండ్రి చేతి దెబ్బలు తిన్న బిడ్డకూ, యజమాని చేతిలో నలిగిన బానిసకూ తలుపు మూసివేసింది. మన సాక్ష్య చట్టంలో భార్యాభర్తల మధ్య జరిగిన సంభాషణకు కొంత రక్షణ ఉంది, తండ్రీకొడుకుల మధ్య మాటలకు లేదు. గడప ఎక్కడ ఉండాలన్నది నేటికీ తేలని విషయమే.

ప్రశ్న: మావో కాలంలో చట్టవాదులను పొగిడారని విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, నారాయణగూడ

జవాబు: నిజమే. 1973–74లో, ఒకప్పుడు మావోకు వారసుడనిపించుకుని తర్వాత ద్రోహిగా ముద్రపడిన లిన్ బియావోనూ, కన్ఫ్యూషియస్‌నూ కలిపి విమర్శించిన ఉద్యమంలో చట్టవాదులను ప్రగతి పక్షంగా, కన్ఫ్యూషియస్ అనుచరులను అభివృద్ధి నిరోధకులుగా చిత్రించారు. అది నాటి రాజకీయ అవసరం. దాన్ని బట్టి హాన్ ఫెయ్‌ని అర్థం చేసుకోవడానికి మనకు ఏమీ దొరకదు.

ప్రశ్న: అంత పకడ్బందీగా చట్టాన్ని నిర్మించుకున్న ఛిన్ సామ్రాజ్యం పదిహేనేళ్లకే ఎందుకు కూలింది? ఆలస్యంగా వస్తే మరణశిక్ష అనే చట్టం వల్లనే తిరుగుబాటు వచ్చిందంటారు.
– న్యాయవాది, హిమాయత్‌నగర్

జవాబు: క్రీ.పూ. 221లో మొదటి చక్రవర్తి ఆరు రాజ్యాలనూ జయించి చైనాను ఏకం చేశాడు. ఆయన 210లో మరణించాడు, 206 నాటికి సామ్రాజ్యం లేదు. సిమా ఛియన్ కథనం ప్రకారం, 209లో 900 మంది బలవంతపు సైనికులు సరిహద్దు కాపలాకు వెళుతూ వానల వల్ల దారిలో చిక్కుకున్నారు. ఆలస్యమైతే తలపోతుందని తెలిసి, ఎలాగూ చావు తప్పనప్పుడు తిరగబడి చద్దామని చెన్ షెంగ్, వూ గువాంగ్ అనే ఇద్దరు వారిని లేవదీశారు. శిక్ష మితిమీరితే మనిషి లెక్క ఎలా తలకిందులవుతుందో చెప్పడానికి ఇంతకంటే గట్టి కథ ఉండదు.

కానీ పైన చెప్పిన వెదురు బద్దల మీది చట్టం వేరేగా ఉంది. వెట్టిపనికి పిలిచినప్పుడు మూడు నుంచి అయిదు రోజులు ఆలస్యమైతే మందలింపు, ఆరు నుంచి పది రోజులైతే ఒక డాలు ఖరీదు జరిమానా, పది దాటితే ఒక కవచం ఖరీదు. వాన పడితే ఆ పని నుంచి మినహాయింపు. ఇది వెట్టిపని చట్టం, సరిహద్దు కాపలా చట్టం వేరుగా ఉండి ఉండవచ్చు, కనుక సిమా ఛియన్ అబద్ధం రాశాడని అనను. అయినా ఛిన్ చట్టం మనం ఊహించుకున్నంత గుడ్డిది కాదని మాత్రం తేలుతుంది. ధాన్యపు కొట్టులో మూడు ఎలుక కన్నాలు ఉంటే బాధ్యుడికి ఒక డాలు జరిమానా, రెండు లేదా అంతకు తక్కువ ఉంటే మందలింపు. ప్రభుత్వపు ఎద్దు సేద్యంలో చిక్కిపోతే, దాని నడుము చుట్టుకొలత ఎన్ని అంగుళాలు తగ్గితే అన్ని పదుల దెబ్బలు. పక్కవాడి చెట్టు నుంచి ఒక్క కాసు విలువ కూడా చేయని మల్బరీ ఆకులు దొంగిలిస్తే ముప్పై రోజుల వెట్టి. ఈ వరుసలో దయా లేదు, ఉన్మాదమూ లేదు. అంగుళాలూ కన్నాలూ లెక్కపెట్టే రాజ్యం ఉంది.

మరి ఎందుకు కూలింది? అనంతమైన నిర్మాణాలు, యుద్ధాలు, జయించిన రాజ్యాల ప్రజల పగ – చరిత్రకారులు చెప్పే కారణాలు ఇవి, అన్నీ నిజమే. వాటితో పాటు చట్టవాదం లోపలి పగులు ఒకటి ఉందని నా నమ్మకం. రైతును, సైనికుడిని, గుమాస్తాను, మంత్రిని ఆ కొలబద్ద కొలిచింది, దాన్ని పట్టుకున్న చేతిని కొలిచేది లేకపోయింది. షాంగ్ యాంగ్ కాలంలోనే ఇది బయటపడింది. యువరాజు తప్పు చేశాడు. పైవారు అతిక్రమిస్తే చట్టం చెల్లదని షాంగ్ యాంగ్ నిక్కచ్చిగా అన్నాడు, కానీ కాబోయే రాజును శిక్షించలేక అతని సంరక్షకుడిని దండించి, గురువు ముఖం మీద పచ్చబొట్టు పొడిపించాడు. కొన్నేళ్ల తర్వాత ఆ సంరక్షకుడే మళ్లీ తప్పు చేస్తే ముక్కు కోయించాడు. క్రీ.పూ. 338లో షియావ్ ప్రభువు చనిపోయి యువరాజు రాజయ్యాడు. పారిపోతున్న షాంగ్ యాంగ్ ఒక రాత్రి సత్రం తలుపు తడితే, గుర్తింపు లేనివాడికి చోటిస్తే షాంగ్ ప్రభువు (అంటే ఆయనే) పెట్టిన చట్టం ప్రకారం మాకే శిక్ష పడుతుందని సత్రం యజమాని వెనక్కి పంపాడు. చివరికి ఆయన శరీరాన్ని రథాలకు కట్టి చీల్చారు.

హాన్ ఫెయ్ ఛిన్ రాజ్యపు చెరసాలలో, ఒకప్పటి సహాధ్యాయి లి సి పంపిన విషం తాగి చనిపోయాడు. ఆ లి సిని క్రీ.పూ. 208లో రాజధాని వీధిలో నడుము దగ్గర నరికారు. పసుపు కుక్కను వెంటబెట్టుకుని మన ఊరి తూర్పు ద్వారం దాటి కుందేళ్ల వేటకు పోదామనుకున్నా ఇక కుదరదు కదా అని ఆయన కొడుకుతో అన్నాడట. లి సిని పడగొట్టిన ఆస్థాన అధికారి జావ్ గావ్, మరుసటి ఏడాది రెండో చక్రవర్తి ముందుకు ఒక లేడిని తోలించి, దాన్ని గుర్రమన్నాడు. సభలో కొందరు మౌనం వహించారు, కొందరు గుర్రమే అన్నారు, లేడి అన్నవారిని తర్వాత శిక్షల పాలు చేశాడు. పేరునూ పనినీ సరిపోల్చి చూడడమే పాలకుడి ప్రధాన కర్తవ్యమని షెన్ బుహాయ్, హాన్ ఫెయ్ ఎంతగా చెప్పారో తలచుకుంటే, ఈ లేడి కథ గుండెను పిండుతుంది. వారు కట్టిన యంత్రమంతా అక్కడే ఉంది, దాని మీటలు మాత్రం లేడిని గుర్రమనగలవాడి చేతిలోకి వెళ్లాయి. కంచే చేను మేస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు వారి గ్రంథాలలో జవాబు లేదు. కౌటిల్యుని పేరిట ఉన్న అర్థశాస్త్రంలో, దండించకూడని వాడిని రాజు దండిస్తే ముప్పై రెట్లు జరిమానా చెల్లించి వరుణుని పేర నీటిలో విడవాలని ఒక నియమం ఉంది. ఏ రాజు అయినా అది చెల్లించాడో లేదో గాని, కొలబద్దను రాజు వైపు ఒక్కసారి తిప్పి చూపించిన మాట అది.

ప్రశ్న: మాది బేగంబజారులో ధాన్యపు వ్యాపారం. ఆ చట్టాల్లో మాబోటి వారికి పనికివచ్చినదేమైనా మిగిలిందా?
– ఒక వ్యాపారి, బేగంబజార్

జవాబు: మిగిలింది, దాన్ని ఇప్పటికీ చూడవచ్చు. షాంఘై మ్యూజియంలో కంచుతో చేసిన చిన్న కొలపాత్ర ఒకటి ఉంది. మన గిద్ద, సోల వంటిది, పిడితో దీర్ఘచతురస్రాకారంలో ఉంటుంది, సుమారు 200 మిల్లీలీటర్లు పడుతుంది. క్రీ.పూ. 344లో షాంగ్ యాంగ్ చేయించాడని దాని మీద చెక్కి ఉంది. అడుగున 221 నాటి చక్రవర్తి ఆజ్ఞను తర్వాత చెక్కారు. అంటే 123 ఏళ్ల తర్వాత దేశమంతటికీ అదే కొలత ప్రమాణమైంది. గింజలు అమ్మే మీకు, కొనే మాకు, మధ్యలో ఎవరి మంచితనం మీదా ఆధారపడని కొలత ఉండడం ఎంత ఊరటో మీకు వేరే చెప్పనక్కరలేదు. తర్వాత వచ్చిన హాన్ వంశం ఛిన్‌ను నిందిస్తూనే దాని చట్టాలనూ కొలతలనూ చాలావరకు ఉంచుకుంది, క్రీ.పూ. 167లో వెన్ చక్రవర్తి ముక్కులు, పాదాలు కోసే శిక్షలను తీసివేశాడు. కన్ఫ్యూషియస్ పండితులకే పదవులివ్వాలని యువరాజు కోరినప్పుడు షువాన్ చక్రవర్తి కోపగించి, మా వంశం పద్ధతి సద్గుణాన్నీ కఠిన పాలననూ రెండింటినీ కలిపి వాడడమేనని చెప్పాడు.

ప్రశ్న: నేను ఈ నెలలోనే గుమాస్తా ఉద్యోగంలో చేరాను. మీరు ఇంతకు ముందు ఒక వ్యాసంలో ఛిన్ కాలపు చిన్న ఉద్యోగి సమాధి అన్నారు. ఆయన ఎలాంటి మనిషో ఏమైనా తెలుసా?
– కొత్త ఉద్యోగి, మెహదీపట్నం

జవాబు: కొంత తెలుసు, అందుకు కారణం ఆయన స్వయంగా దాచుకున్న రాతలే. పైన చెప్పిన షుయ్‌హుది సమాధి ఆయనదే, పేరు షీ. క్రీ.పూ. 262లో పుట్టాడు, జిల్లా కచేరీలలో లేఖకుడిగా పనిచేశాడు, కొంతకాలం నేరాల విచారణ చూశాడు, 217 ప్రాంతంలో మరణించాడు. వెదురు బద్దల మీద ఏడాది వారీ పట్టిక ఒకటి ఉంది. ఏ ఏడు ఛిన్ సైన్యం ఏ కోటను ముట్టడించిందో ఒక వరుసలో రాసి ఉంటుంది, అదే పట్టికలో తన పుట్టుక, తన బిడ్డల పుట్టుక కూడా రాసి ఉంటాయి. చట్టాలతో పాటు, వాటి అర్థం మీద ప్రశ్నా జవాబులుగా రాసుకున్న ఒక కట్ట కూడా ఆయన దగ్గర ఉంది. ఎలుక కన్నాల సంగతీ, మల్బరీ ఆకుల సంగతీ ఆ కట్టలోనివే: ‘కన్నాలు ఎన్ని ఉంటే శిక్ష, ఎన్ని ఉంటే మందలింపు?’ అని అడుగుతుంది, కింద జవాబు ఉంటుంది.

ఆ బద్దల్లో మరో రాత ఉంది, అధికారి నడవవలసిన దారి గురించి. అధికారి శుభ్రంగా, సూటిగా ఉండాలి, స్వార్థం లేకుండా పరిశీలించాలి, కింది వారి పట్ల దయతో ఉండాలి గాని వారిని అణచకూడదు, పైవారిని గౌరవించాలి అని అందులో ఉంటుంది. మనిషి మంచితనంతో పని లేదని చెప్పిన రాజ్యంలో, అంగుళానికి పది దెబ్బల చట్టాన్ని అమలు చేసే ఉద్యోగి, దయ గురించిన ఈ రాతను కూడా చట్టాలతో సమానంగా దాచుకున్నాడు. ఆయన వారు పేటికలో దేహం చుట్టూ ఆ బద్దలను పేర్చారు. తల దగ్గర కొన్ని, కడుపు మీద కొన్ని, పాదాల దగ్గర కొన్ని ఉన్నాయి. ఆయన రాసుకునే కుంచెలు కూడా ఆ సమాధిలోనే దొరికాయి.